ఇప్పసారాలో నలికిరి

ఇసకపాలెం, నరసాపురం తాలూకా
1888 జనవరి 20

రాజరత్నానికి బావ పల్లంరాజు రాసేది.

మేమంతా బాగున్నాం. నువ్వు బాగున్నావో లేదో నీ ఉత్తరంలో లేదు గానీ, పోలవరం పైన కొండల్లో నలికిరులు మాత్రం పుష్కలంగా, ఆరోగ్యంగా ఉన్నాయని తెలిసి సంతోషించాం.

మన పాలెంలో ఉత్తరం వస్తే ఏమవుతుందో నీకు గుర్తుందో లేదో. పైన ఎవరి పేరున్నా సరే, అది పాలెం అందరిదీ. వలల పాక దగ్గర అందరూ చేరాలి. కులపెద్ద ముసలయ్య మావ చుట్ట వెలిగించాలి. నీతో పాటు మిషన్ బడిలో నాలుగు ముక్కలు నేర్చుకున్న పాపానికి నేను నిలబడి గట్టిగా చదవాలి. అలాగే చదివాను. జంతువుల లెక్కలు రాసే తెల్లదొరగారు నిన్ను బొమ్మలు గీసే పనిలో పెట్టుకున్నారని, మీరిద్దరూ రాళ్ళు తిరగేసి, బల్లి చుట్టాలైన ఆ నలికిరుల్ని పట్టి సీసాల్లో వేస్తున్నారని. చివరికి మా అమ్మ, "అన్నం తింటున్నాడా? ఏమన్నా రాశాడా?" అంది. "లేదమ్మా, నలికిరి ఏం తింటుందో రాశాడు" అన్నాను. మా అమ్మ, అదే నీ మేనత్త అప్పాయమ్మ, ఆ పూట నీ మీద బెంగతో ముద్ద ముట్టలేదు. నలికిరి మాత్రం చెదపురుగులు తిని సుఖంగా ఉండి ఉంటుంది.

ఇక అసలు సంగతి. మా చెల్లెలు వీరవేణి పుట్టినప్పుడు మీ నాన్న దాని నుదుట బొట్టు పెట్టి, "ఇది నా కోడలు" అన్నాడు. ఆ తర్వాత ఆయన రాజమండ్రి పోయి బాప్తీస్మం తీసుకున్నాడు. నీ పేరు మార్చాడు. ఆ తర్వాత ఆయనే పోయాడు. పెట్టిన బొట్టు అలాగే ఉందని మా అమ్మ పట్టు. మతం మారినవాడితో చుట్టరికం తెగినట్టేనని ముసలయ్య మావ పట్టు. ఇప్పుడు అంతర్వేది నుంచి సత్తియ్య అనే ఆయన వీరవేణిని అడుగుతున్నాడు. రెండు పడవలున్నాయి. పళ్ళు అంతకన్నా కాస్త ఎక్కువే ఉన్నాయి. ఎండలు ముదిరేలోపు పంచాయితీ పెట్టి తేల్చేస్తానని మావ అన్నాడు.

నీకు మరదలు కావాలో వద్దో ఒక్క ముక్క రాయి. నలికిరుల తర్వాత కాగితంలో చోటు మిగిలితేనే సుమా.

నీ బావ
పల్లంరాజు


పోలవరం ఎగువ, కొండ మకాం
1888 ఫిబ్రవరి 6

బావగారికి రాజరత్నం నమస్కారాలు.

అన్నం తింటున్నానని అత్తకి చెప్పండి. మీ ఉత్తరం పడవల మీద తిరిగి తిరిగి నిన్న చేరిందండి. పాలెం అందరూ వింటారని తెలిసి, ఈసారి అర్థమయ్యేట్టు రాస్తున్నాను.

మన వాకిట్లో ఇటుకల సందున నిగనిగలాడుతూ జారిపోయే నలికిరి ఉంది కదండీ, దానికి ఈ కొండల్లో చుట్టాలున్నాయి. ఒకటి రాళ్ళ మీద ఉంటుంది. పొట్టి ఒళ్ళు, గట్టి కాళ్ళు, పొడుగు వేళ్ళు. రెండోది ఎండుటాకుల్లో ఉంటుంది. దాని ఒళ్ళు సాగింది, కాళ్ళు చిన్నవయ్యాయి. మూడోదాని కాళ్ళు బియ్యపు గింజంత, ఉన్నాయంటే ఉన్నాయి. నాలుగోది మొన్ననే దొరికింది. దానికి కాళ్ళే లేవు. వదులు మట్టిలో, ఇసకలో చేప ఈదినట్టు పోతుంది. చూస్తే పామే అంటారు. కానీ పాముకి రెప్పలుండవు. ఇది నన్ను చూసి కన్నార్పింది. చెవులు కూడా బయటికి కనపడవు, పొలుసుల కింద కప్పేసి ఉంటాయి.

ఈ నాలుగూ ఒకే ఇంటివని దొరగారంటారు. ఎప్పుడో ఒకే వంశమట. ఇసకలో దూరేవాటికి కాళ్ళు అడ్డం. పొట్టి కాళ్ళవి సులువుగా దూరి బతికాయి, పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లల్లో ఇంకా పొట్టి కాళ్ళవి ఇంకా బాగా బతికాయి. అలా తరాల మీద తరాలు గడిచి ఇసకలో ఉన్నవాటికి కాళ్ళు పోయాయి, నడుం సాగింది. రాళ్ళ మీద ఉన్నవాటికి కాళ్ళు నిలిచాయి. ఒళ్ళు వేరైనా ఇల్లు ఒక్కటేనండి. ఈ ముక్క ముసలయ్య మావగారికి కాస్త నిదానంగా చదివి వినిపించండి.

మీరడిగిన విషయంలో పెద్దలు మీరున్నారు. మీ అందరి ఇష్టమే నా ఇష్టం.

ఇట్లు
రాజరత్నం


ఇసకపాలెం
1888 ఫిబ్రవరి 19

మహాపండితుడైన బావమరిదికి, ఇంకా కాళ్ళున్న బావ రాసేది.

నువ్వు చెప్పినట్టే నిదానంగా చదివాను. ఇసకలో కాపురమున్నవాళ్ళకి కాళ్ళు పోతాయని, ఇసకపాలెంలో, ఇసకలో నిలబడి, ఇసకలో కూర్చున్న మనుషులందరికీ వినపడేలా చదివాను. ముసలయ్య మావ రెండు కాళ్ళూ ముందుకి చాపి కాసేపు చూసుకున్నాడు. తర్వాత అడిగాడు. "రాళ్ళ మీదున్నోళ్ళకి గట్టి కాళ్ళన్నాడు. ఇప్పుడు ఆడుండేది ఎక్కడ?"

"కొండల్లో మావా" అన్నాను.

"అదీ సంగతి. మనం పాకేవోళ్ళం, ఆడు నడిచేవోడు."

అది నలికిరుల గురించేనని ఎంత చెప్పినా వినడే. నలికిరి గురించి కాగితానికి రెండు వైపులా రాసేంత పనిలేనివాడు లోకంలో ఉంటాడని మన పాలెం నమ్మదు. నేను మాత్రం నమ్ముతాను, నిన్ను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను కాబట్టి.

పైగా "మీ ఇష్టమే నా ఇష్టం" అని ఒక మాట పారేశావు. ఇష్టం లేని పెద్దమనుషులు మర్యాదగా అనే మాట అది. మా అమ్మ పైటచెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఒరేయ్, పిల్ల కావాలంటే కావాలని రాయి. వద్దంటే వద్దని రాయి. బొమ్మలు గీసే చేతికి ఆ మాత్రం ముక్క రాదా?

సత్తియ్య తరపు మధ్యవర్తి కల్లుకుండతో దిగాడు. మన ఆచారం నీకు తెలుసు. మగపెళ్ళివారి దగ్గర్నుంచి వచ్చింది కల్లయినా సారా అయినా, పిల్ల తరపు కులపెద్ద ఒక్క గుక్క తాగాడా, సంబంధం ఖాయం. ఇక దేవుడొచ్చి చెప్పినా తిరుగులేదు. అందుకని మా అమ్మ కుండకి అడ్డంగా కూర్చుని, పంచాయితీ అయ్యేదాకా ఎవరి కల్లూ ముట్టనని మావ చేత గంగమ్మ మీద ఒట్టు వేయించింది. అప్పటి నుంచి ఆయన గొంతు తడిలేక అందరి మీదా విరుచుకుపడుతున్నాడు. ముఖ్యంగా నీ మీద.

మర్చిపోయాను. నీ ఉత్తరం మొత్తం విని కోపం రాని మనిషి ఒక్కతే, వీరవేణి. వల కుట్టుకుంటూ తల ఎత్తకుండా ఒక మాట అడిగింది. "చేపకి రెక్క కోసేసినా లోపల ముల్లు ఉంటాది కదా. దానికి కాళ్ళు పోతే లోపల ఎముకన్నా మిగిలిందా, అదీ పోయిందా?" ఇది దానికెందుకో నాకు తెలీదు గానీ రాయమంది, రాశాను.

పల్లంరాజు


కొండ మకాం
1888 మార్చి 3

బావగారికి నమస్కారాలు.

మావగారి కాళ్ళ గురించి నేనేమీ అనలేదండి. వారి కాళ్ళు బంగారం కాళ్ళు.

మరదలి ప్రశ్న దొరగారి ముందు పెట్టాను. ఆయన నోట్లో పైపు తీసి, "ఎవరడిగారు?" అన్నారు. మా మేనత్త కూతురండి, చేపలు కోసి ఎండబెడుతుంది అన్నాను. ఆయన ఇంకేమీ అనకుండా భూతద్దం, చిన్న కత్తి తెచ్చారు. కాళ్ళు లేని నలికిరి ఒళ్ళు వెనక భాగంలో చర్మం గీసి చూశాం. ఉందండి. నువ్వుగింజలో సగమంత ఎముక, అటొకటి ఇటొకటి. బయట కాలు పోయి ఎన్ని తరాలైందో, లోపల కాలు తాలూకు ఎముక పోలేదు. దొరగారు నా వీపు మీద చరిచి, ఈ సంగతి లండన్ రాస్తానన్నారు. ఎవరు అడిగితే చూశామో కూడా రాయండి అన్నాను. అంత చోటు ఉండదన్నారు.

ఆదివారం ఇటుగా వచ్చిన పాదిరిగారికి చూపించాను. దేవుడు పాముని శపించి పొట్ట మీద పాకమన్నాడు కదా, ఇది ఆ శాపం సగంలో ఉన్న జీవమన్నారు. దొరగారేమో ఇసక అంటారు. మావగారేమో నా పొగరంటారు. ఒక్క నలికిరికి ఇంతమంది వకీళ్ళని నేనెక్కడా చూడలేదు.

అడిగిన మనిషి కళ్ళతో చూడాలి కదండీ. అందుకని దాన్ని సీసాలో పెట్టి, విజ్జేశ్వరం లాకుల మీదుగా వచ్చే కాలవ పడవలో పంపుతున్నాను. కుళ్ళకుండా ఇప్పసారా పోశాను, ఇక్కడి కొండవాళ్ళు కాచేది, మంచి ఘాటైనది. ఇలాంటి నలికిరి మాకు ఇంతవరకు ఇంకోటి దొరకలేదు. దొరగారు భద్రాచలం వెళ్ళారు. ఆయన వచ్చేలోపు చూసి తిప్పి పంపేయండి.

ఇంకో మాట. "మీ ఇష్టం" అని రాసింది ఇష్టం లేక కాదండి. తన పెళ్ళి మాట తనే రాసుకునే మగవాణ్ణి మన వైపు ఎవరన్నా చూశారా? నాన్న ఉంటే ఆయన రాసేవాడు. వీరవేణిని తప్ప నేనెవర్నీ చేసుకోను. బాప్తీస్మమైన రోజు కూడా నాకు భయమేసింది దేవుడి గురించి కాదు, ఇక మిమ్మల్ని అత్తా, బావా అని పిలవనిస్తారో లేదో అని.

పైన రాసిన ముక్కలు మాత్రం గట్టిగా చదవకండి.

రాజరత్నం


ఇసకపాలెం
1888 మార్చి 18

బావమరిదికి.

గట్టిగా చదవొద్దన్న మాట చదవకూడని మాటల కింద రాసే తెలివి నీ దొర నేర్పాడా, పుట్టుకతో వచ్చిందా? మొత్తం చదివేశాకే నాకది కనపడింది. పాక దగ్గర ఆడవాళ్ళంతా పైటలు అడ్డం పెట్టుకున్నారు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. వీరవేణి కుడుతున్న వల ముడి తప్పింది. అంతా నీకు అనుకూలంగా తిరిగింది. ముసలయ్య మావ కూడా చుట్ట తీసి, "పిల్లోడు మరీ చెడిపోలేదు" అన్నాడు.

అప్పుడు సీసా విప్పాం.

మగపెళ్ళివారి నుంచి పసుపు, కుంకుమ, చీర రావడం చూశాం. పాము రావడం మొదటిసారి. సత్తియ్య మధ్యవర్తి ఎగిరి వలల కుప్ప మీద పడ్డాడు. "చేతబడి" అని ఎవరో అన్నారు, ఎవరో ఏమిటిలే, ఆ మధ్యవర్తే అన్నాడు. అది నలికిరి, దానికి రెప్పలుంటాయి అని నేను అరుస్తున్నాను. రెప్పలు ఎవరు లెక్కచేశారు, అది పొడుగ్గా ఉంది, కాళ్ళు లేవు, అయిపోయింది. వీరవేణి ఒక్కతే దగ్గరికొచ్చి సీసా వెలుగుకి ఎత్తి పట్టుకుంది. నువ్వు చర్మం గీసిన చోట చూసి, "ఉంది" అంది. ఇంకేమీ అనలేదు. అంతలో మావ సీసా లాక్కున్నాడు.

"ఇది విషం. దీని గాలి పడినా మడిసి బతకడు. పంచాయితీలో సాక్ష్యం ఇదే. అందాకా నా ఇంట్లో ఉంటాది" అన్నాడు. అంత విషాన్ని తన ఇంట్లోనే పెట్టుకున్న త్యాగానికి పాలెం అంతా దణ్ణం పెట్టింది.

పంచాయితీ ఏప్రిల్ మొదటి ఆదివారం. పిల్లని సత్తియ్యకి ఇచ్చెయ్యడమేనని బయట మాట. ఈలోపు ఏదన్నా పనికొచ్చేది రాయి.

పల్లంరాజు


కొండ మకాం
1888 మార్చి 26

బావగారికి.

దొరగారు వచ్చి సీసా కోసం చూశారు. నిజం చెప్పేశాను. నలికిరిని ఉప్పు చేపలవాళ్ళకి పంపినవాణ్ణి జీవితంలో మొదటిసారి చూస్తున్నానన్నారు. ఆయన కాగితాలన్నీ మద్రాసు వెళ్ళాల్సిన రోజులివి. దానికి తన పేరు కూడా పెట్టేసుకున్నారట. పట్టింది నేను, ఎముక గురించి అడిగింది వీరవేణి, పేరు ఆయనది. అందులో నాకేమీ బాధ లేదు. కానీ వస్తువు లేకుండా పేరు దేనికి పెడతావని మద్రాసులో నవ్వుతారట. వచ్చే నెలాఖరుకి అది చేతికి రాకపోతే నన్ను పని మానేసెయ్యమన్నారు.

అది వచ్చేలా లేదు. నేను పాము పంపినవాణ్ణయ్యాను, పని పోయినవాణ్ణి కాబోతున్నాను. పాదిరిగారు కూడా, ఇలాంటి బొమ్మలు గీసేవాడికి బళ్ళో పని ఇవ్వనన్నారు. వీరవేణికి నా దగ్గర ఏముందండి? సత్తియ్యగారికి రెండు పడవలున్నాయి. ఆమెని ఆయనకే ఇచ్చేయండి. నా మాటగా పంచాయితీలో ఈ ఉత్తరం చదివేయండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు.

నేను ఒళ్ళు వేరు, ఇల్లు ఒక్కటే అని రాశాను. అది నలికిరులకే చెల్లుతుందేమో. అత్తని ఏడవొద్దనండి.

రాజరత్నం


ఇసకపాలెం
1888 ఏప్రిల్ 2

ఒరేయ్ రాజరత్నం,

నీ ఉత్తరం సరిగ్గా పంచాయితీ నాడే, పాకలో అందరూ కూర్చున్నాక వచ్చింది. సత్తియ్య పట్టుపంచె కట్టి, కొత్త కల్లుకుండతో ముందు వరసలో ఉన్నాడు. "సదువు" అన్నాడు ముసలయ్య మావ. నేను విప్పాను. కళ్ళతో మొత్తం ఒకసారి చూశాను.

నా జన్మలో పాక దగ్గర ఒక్క ఉత్తరం తప్పు చదవలేదు. చావు కబుర్లు కూడా ఉన్నదున్నట్టే చదివాను. నిన్న మాత్రం గొంతు సవరించుకుని ఇలా చదివాను: "బావగారికి నమస్కారాలు. దొరగారు క్షేమం. ఈ వారం కొత్త నలికిరి దొరికింది. ఇసకలోనే కాపురం. కాళ్ళు లేవు. చెవులు మాత్రం పిల్లి చెవుల్లా నిక్కబొడుచుకుని ఉంటాయి. దానికి తన పుట్టిల్లంటే ప్రాణం." ఇంకా చాలా చదివాను. తోక గురించి కూడా ఏదో కల్పించాను. ఇన్నాళ్ళూ నీ నలికిరుల్ని ఆడిపోసుకున్న నోటితోనే, కాగితం కళ్ళ ముందు పట్టుకుని, నలికిరి మీద నలికిరిని పుట్టించాను.

"ఎప్పుడూ ఉండే గోలే" అని మావ విసుక్కుని, "సాక్ష్యం తెండి" అన్నాడు. ఆయన కొడుకు పెదబాబు ఇంట్లోంచి సీసా తెచ్చి మధ్యలో పెట్టాడు.

నలికిరి ఉంది. సారా లేదు.

మూత విరిగిందా, సీసా చిల్లి పడిందా అని అందరూ వంగి చూశారు. మా అమ్మ మాత్రం సీసా వైపు చూడలేదు, మావ మొహం వైపు చూసింది. ఆయన ఒక చెవి మీద పెట్టుకున్న చుట్ట కోసం రెండో చెవి దగ్గర వెతుక్కుంటున్నాడు.

"పెద్దయ్యా, గాలి పడితేనే మడిసి బతకడన్నావు. తాగితే ఎలా ఉన్నావు?" అంది.

"కల్లు ముట్టనని ఒట్టేశాను. సారా సంగతి ఒట్టులో లేదు" అన్నాడు మావ. "రోజూ కాస్త. ఎండకి ఆరిపోతాదని."

"ఎవరింటి నుంచి వచ్చింది ఆ సారా?"

సత్తియ్యకి ముందుగా అర్థమైంది. కుండ ఎత్తుకుని లేచాడు, పాపం ఆ మనిషిలో తప్పేమీ లేదు. మా అమ్మ లేచి నిలబడింది. "మగపెళ్ళివారి సారా పిల్ల తరపు పెద్ద తాగాడు. ఒక్క గుక్క కాదు, అడుగంటా తాగాడు. నా మేనల్లుడు మతం మారాడన్నారు, రాళ్ళెక్కాడన్నారు, పాము పంపాడన్నారు. పంపిన సారా మాత్రం మీ గొంతులో తేడా లేకుండా దిగింది కదా. పాదిరిగారి ముందోసారి, గంగమ్మ ముందోసారి తలొంచితే నా కూతురి మెడ అరిగిపోదు." మావ తల గీరుకుని, ఆచారం ఆచారమే అన్నాడు. తన గొంతు తడుపుకోడానికి కులం కట్టుబాటంతా నిలబెట్టిన మహానుభావుడు.

ఇది అయ్యాక వీరవేణి నా వెనకే ఇంట్లోకొచ్చింది. "ఉత్తరంలో నిజంగా ఏముంది?" అంది. చదివిందేనన్నాను. "ఇసకలో దూరేదానికి చెవులు బయట ఉండవని ఆయనే రాశాడు. ఆయన అంత తప్పు రాయడు. తియ్యి" అంది. ప్రతి ఉత్తరం తల ఎత్తకుండా విన్నదేమో, నీ నలికిరులన్నీ దానికి కంఠతా వచ్చు. నీ ఉత్తరం దానికొక్కదానికే, మెల్లగా చదివాను. సత్తియ్యకి ఇచ్చేయమన్న చోట అది ఏడవలేదు. "పెద్ద దాత" అంది.

దొరగారి వస్తువు గురించి బెంగపడకు. సారా ఆరిన సీసాలో అది పాడయ్యేలా ఉంటే, వీరవేణి పంచాయితీ నుంచే దాన్ని తీసుకొచ్చి, శుభ్రంగా ఉప్పు పట్టించి, సావిట్లో ఉప్పుచేపల పక్కన ఆరబెట్టింది. నువ్వు గీసిన చోట ఎముకలు తెల్లగా పైకే కనపడుతున్నాయి. పిల్లి రాకుండా కాపలా కూడా తనే కాస్తోంది.

నెలాఖరులోపు దొరకి చేరాలి, పోస్టులో పంపేస్తాను, ఇటివ్వమన్నాను. ఇవ్వనంది. కావలసినవాడు తనే వచ్చి తీసుకెళ్ళాలట, ఒక్క నలికిరినే అయితే గుమ్మం దాటనివ్వదట.

కాబట్టి బయల్దేరు. రాళ్ళ మీద ఉన్నవాళ్ళకి గట్టి కాళ్ళుంటాయని నువ్వే రాశావు.

నీ బావ
పల్లంరాజు